డయాలసిస్ ఆపాలా వద్దా: ముందు మూత్రం కొలవండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

వానలు పడి నాట్లు మొదలైతే వరంగల్ ఐసీయూలకు వచ్చే కిడ్నీ కేసుల తీరు మారుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రక్తపింజర కాటేసినవాళ్లు వస్తారు. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయినవాళ్లు, మలేరియా, డెంగీ, ఎలుకజ్వరం ముదిరినవాళ్లు, గడ్డిమందు తాగినవాళ్లు, కాన్పులో రక్తం బాగా పోయిన బాలింతలు, ఒళ్లునొప్పులకు ఊళ్లో వరుసగా నొప్పి సూదులు వేయించుకున్నవాళ్లు వస్తారు. వీళ్లలో చాలామందికి మొన్నటిదాకా కిడ్నీలు బాగానే ఉన్నాయి. మూత్రం ఆగిపోయి, ఒళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చేసరికి మెడకో తొడకో పైపు వేసి డయాలసిస్ మొదలుపెడతారు. మొదలుపెట్టడం గురించి అందరూ మాట్లాడతారు. ఎప్పుడు ఆపాలన్నది మాత్రం చాలాచోట్ల లెక్క లేకుండానే తేలిపోతోంది. ఈ ఉత్తరం దాని గురించే.

‘ఒకసారి డయాలసిస్ మిషన్ ఎక్కితే ఇక జన్మంతా దిగలేరు’ అన్న మాట మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. ఏళ్ల తరబడి షుగరు, బీపీతో కిడ్నీలు మెల్లగా చెడిపోయినవాళ్ల విషయంలో అది చాలావరకు నిజం. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ సంగతి వేరు. కిడ్నీలో మూత్రాన్ని తయారుచేసే సన్నని గొట్టాలుంటాయి. రక్తం అందకనో, విషం తగిలో వాటి లోపలి పొర కణాలు చచ్చి రాలిపోతాయి. కిందున్న పొర చెక్కుచెదరకపోతే కొత్త కణాలు మళ్లీ పుడతాయి. దానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు, ఎనిమిది వారాలు. అన్నాళ్లు మనిషిని నిలబెట్టి ఉంచడమే డయాలసిస్ చేసే పని. అది కిడ్నీకి మందు కాదు, కిడ్నీ తేరుకునేదాకా దాని పని చేసిపెట్టే మిషన్ మాత్రమే.

అందుకని పేషెంటు రాగానే అడగాల్సింది పాత కాగితం. ఏడాది, రెండేళ్ల కింద ఏ జ్వరానికో, కంటి ఆపరేషన్‌కో చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం, కిడ్నీ చెడితే రక్తంలో పెరుగుతుంది) 0.9 అని ఉందంటే, ఇప్పుడు 8 ఉన్నా అది కొత్త దెబ్బే. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 9 సెంటీమీటర్ల కంటే చిన్నగా కుంచించుకుపోయి కనిపిస్తే అది పాత జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. అయితే షుగరు ఉన్నవాళ్లలో జబ్బు పాతదైనా కిడ్నీ సైజు మామూలుగానే కనిపించొచ్చు, స్కానింగ్ ఒక్కదాన్నే నమ్మలేం. పాత కాగితానికి ఉన్న విలువ దేనికీ లేదు. బీరువాలో, సంచుల్లో, ఇంటి దూలం మీద ఎక్కడున్నా వెతికి తేవాలి.

ఇక ఆపే సంగతి. వార్డుల్లో రోజూ వినిపించే మాట: ‘సార్, క్రియాటినిన్ దిగింది కదా, ఇంక తీస్కపోతం’. ఎప్పుడు తీసిన రక్తంలో దిగింది అన్నదే అసలు ప్రశ్న. డయాలసిస్ ముగిశాక తీసిన రక్తంలో క్రియాటినిన్ తక్కువే ఉంటుంది, కడిగింది మిషన్ గనక. కిడ్నీ చేసిన పని అందులో ఏమీ కనిపించదు. పైగా మిషన్ ఆపిన అరగంట, గంటలో కండరాల్లోంచి, కణజాలంలోంచి వ్యర్థాలు మళ్లీ రక్తంలోకి చేరి ఆ అంకె కొంత పైకి లేస్తుంది.

చూడాల్సింది డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య అంకె ఎలా నడుస్తోందన్నది. ఒక ఉదాహరణ చూడండి. సోమవారం డయాలసిస్ అయ్యాక క్రియాటినిన్ 3.4. మంగళవారం పొద్దున 4.6, బుధవారం పొద్దున 5.8. రోజుకు 1.2 చొప్పున పెరిగింది, అంటే కిడ్నీ ఇంకా నిద్రలోనే ఉంది. అదే పేషెంటుకు పది రోజుల తర్వాత డయాలసిస్ అయ్యాక 3.2, మర్నాడు 3.9, ఆ మర్నాడు 4.2, మూడోనాడు 4.1. పెరుగుదల నెమ్మదించింది, ఆగింది, వెనక్కి తిరిగింది. మధ్యలో మిషన్ లేకుండానే అది జరిగింది కాబట్టి ఆ పని కిడ్నీదే. ఈ నాలుగు అంకెలు ఒక వరుసలో రాసి ఉంటే చదువురాని అటెండెంటుకు కూడా వేలు పెట్టి చూపించొచ్చు. వేర్వేరు కాగితాల్లో, వేర్వేరు ల్యాబుల్లో, ఏది డయాలసిస్‌కు ముందుదో ఏది తర్వాతదో రాయకుండా ఉంటే పెద్ద డాక్టరుకైనా అర్థం కాదు.

క్రియాటినిన్‌కు ఇంకో చిక్కుంది. అది కండరంలోంచి పుడుతుంది. రెండు మూడు వారాలు వెంటిలేటర్ మీద పడుకున్న మనిషి కండ కరిగిపోతుంది. అప్పుడు కిడ్నీ కోలుకోకపోయినా క్రియాటినిన్ పెద్దగా పెరగదు. బక్కచిక్కిన ముసలివాళ్లలో ‘2.5 మాత్రమే ఉంది’ అని సంబరపడి పైపు తీసేస్తే, వారంలోపే ఆయాసంతో తిరిగొస్తారు.

అందుకే మూత్రం కొలత. రోగుల తరఫువాళ్లు, సిస్టర్లు, డ్యూటీ డాక్టర్లు అందరూ పట్టించుకోవాల్సిన పని ఇదే, సరిగ్గా జరగనిదీ ఇదే. మూత్రం సంచి మీద గీతలు ఉంటాయి గానీ అవి ఉజ్జాయింపువి. సంచి ముడతపడినా, పక్కకు వాలినా వంద, నూటయాభై మిల్లీలీటర్లు తేడా వస్తుంది. గీతలున్న ప్లాస్టిక్ జగ్గులోకి వంపి, జగ్గును చదునైన చోట పెట్టి, కళ్లను గీతకు సమంగా దించి చదవాలి. ఉదయం 8 గంటలకు సంచి ఖాళీ చేసి ఆ మూత్రాన్ని లెక్కలో వేసుకోకుండా పారబోయాలి. అక్కడి నుంచి మర్నాడు ఉదయం 8 దాకా వచ్చిందంతా కలపాలి. మూత్రం పైపు తీసేసిన పేషెంటు బాత్‌రూముకు వెళ్లి పోసిన మూత్రం, బట్టల్లో పోయిన మూత్రం లెక్క తప్పుతుంది. అందుకని మగవాళ్లకు సీసా, ఆడవాళ్లకు బెడ్‌పాన్ ఇచ్చి, ప్రతిసారీ కొలిచాకే పారబోయమని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. కేస్ షీటులో ‘మూత్రం బాగానే వస్తోంది’ అని రాసిపెడితే దేనికీ పనికిరాదు. ‘24 గంటల్లో 640, లాసిక్స్ లేకుండా’ అని రాస్తే అది సమాచారం.

లాసిక్స్ అంటే మూత్రం ఎక్కువగా తెప్పించే మందు. దాని మాట ఎందుకంటే, అంకె అర్థం దాన్ని బట్టే మారిపోతుంది. 23 దేశాల్లోని 54 ఐసీయూల రోగులను చూసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, డయాలసిస్ ఆపితే నిలబడతారా లేదా అన్నది అన్నిటికన్నా బాగా చెప్పింది మూత్రం పరిమాణమే. మూత్రం మందు ఏదీ ఇవ్వకుండా రోజుకు సుమారు 400 మిల్లీలీటర్లు దాటితే నిలబడే అవకాశం ఎక్కువ. మందు ఇస్తూ ఉంటే అదే భరోసా రావడానికి సుమారు 2,300 మిల్లీలీటర్లు కావాల్సి వచ్చింది. లాసిక్స్ నీటిని బయటికి తోస్తుంది గానీ రక్తంలోని మలినాలను వడపోసే శక్తిని పెంచదు. ‘మూత్రం మంచిగనే వస్తంది కదా’ అన్నప్పుడు ఆ మూత్రం కిడ్నీ బలంతో వస్తోందా, సూది బలంతో వస్తోందా అని అడగాలి. కిడ్నీలు త్వరగా తేరుకోవడానికో, డయాలసిస్ సార్లు తగ్గించడానికో మూత్రం మందులు వాడవద్దని కిడ్నీ జబ్బులపై 2012 నాటి కేడిగో అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. ఒంట్లో నీరు ఎక్కువై ఆయాసం ఉంటే ఇవ్వొచ్చు, అది వేరే అవసరం.

400 దాటగానే అదే తీర్పు అనుకోకూడదు. మూత్రం నీళ్లలా పలుచగా లీటరు వస్తున్నా అందులో మలినం లేకపోతే ఏం లాభం? అందుకే గంటకు 30 మిల్లీలీటర్లు దాటి మూత్రం వస్తున్నప్పుడు ఒక చిన్న లెక్క చేయాలి. ఆరు గంటల మూత్రం పట్టి, దాంట్లో క్రియాటినిన్ ఎంతుందో ల్యాబులో చూపించాలి, అదే పూట రక్తంలోనూ చూపించాలి. మూత్రంలోని క్రియాటినిన్‌ను మూత్రం మిల్లీలీటర్లతో గుణించి, వచ్చినదాన్ని రక్తంలోని క్రియాటినిన్‌తోనూ నిమిషాలతోనూ భాగించాలి. ఆరు గంటల్లో 300 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి. మూత్రంలో క్రియాటినిన్ 80, రక్తంలో 4. ఎనభైని మూడు వందలతో గుణిస్తే 24,000. 360 నిమిషాలను నాలుగుతో గుణిస్తే 1,440. భాగిస్తే 16.7. అంటే కిడ్నీలు నిమిషానికి దాదాపు 17 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయి. 2008లో వెలువడిన అమెరికా అధ్యయనంలో పాటించిన పద్ధతి ప్రకారం ఈ అంకె 12 కంటే తక్కువుంటే డయాలసిస్ కొనసాగించాలి, 20 దాటితే ఆపాలి, మధ్యలో ఉంటే డాక్టరు పేషెంటును చూసి నిర్ణయించాలి. మన ఉదాహరణ మధ్యలో పడింది. రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తే 480 మిల్లీలీటర్లు, మూత్రంలో 70, రక్తంలో 3.8 వచ్చిందనుకోండి, అంకె 24.6. ఇక ధైర్యంగా ఆపొచ్చు. ఈ పరీక్షకు ప్రత్యేక మిషన్ అక్కర్లేదు. రక్తంలో క్రియాటినిన్ చూసే ఏ ల్యాబైనా మూత్రంలోనూ చూడగలదు. మూత్రాన్ని పట్టిన సమయం నిమిషంతో సహా రాస్తే చాలు.

ఐసీయూలో రోజంతా నడిచే మిషన్, అంటే సీఆర్‌ఆర్‌టీ మీద ఉన్నవాళ్ల లెక్క ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. కిలోకు గంటకు 25 మిల్లీలీటర్ల చొప్పున 60 కిలోల మనిషికి నడిపితే గంటకు 1,500, అంటే నిమిషానికి 25 మిల్లీలీటర్ల శుద్ధి మిషనే చేస్తోందన్నమాట. అది నడుస్తున్నంతసేపు రక్తం రిపోర్టు మామూలుగానే ఉంటుంది. ఆ రిపోర్టు చూసి కిడ్నీ బాగైందనుకోవద్దు. ఇలాంటప్పుడు ఫిల్టరులో రక్తం గడ్డకట్టి మిషన్ దానంతటదే ఆగిపోయిన సందర్భాన్ని వాడుకోవాలి. బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు డోసు తగ్గి, మూత్రం వస్తూ, పొటాషియం అదుపులో ఉంటే వెంటనే కొత్త ఫిల్టరు ఎక్కించకుండా 12 నుంచి 24 గంటలు ఆగి కిడ్నీ ఏం చేస్తుందో చూడొచ్చు. మన జిల్లాల్లో ఎక్కువచోట్ల నడిచేది స్లెడ్, మామూలు మిషన్‌నే రక్తవేగం తగ్గించి ఆరు నుంచి ఎనిమిది గంటలు నడిపే పద్ధతి. సీఆర్‌ఆర్‌టీ నుంచి స్లెడ్‌కు, దాన్నుంచి నాలుగు గంటల డయాలసిస్‌కు మారడాన్ని ‘తగ్గించాం’ అని ఇంటివాళ్లకు చెబుతుంటారు. అది బీపీ నిలబడిందన్న శుభవార్తే. కిడ్నీ కోలుకుందన్న మాట మాత్రం కాదు. ఈ రెండూ విడదీసి చెప్పాలి.

ఇప్పటిదాకా తొందరపడి ఆపడం గురించి. ఆపకుండా అలవాటుగా సాగదీయడం కూడా అంతే నష్టం, దాన్ని పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ. సోమ, బుధ, శుక్ర అని పేరు రాసేశాక పేషెంటు లీటరున్నర మూత్రం పోస్తున్నా ఆ రోజు రాగానే మిషన్ మీదికి ఎక్కించేస్తారు. మూడు లీటర్లు లాగాలని నిన్నటి కాగితంలో ఉంటే ఇవాళా మూడు లీటర్లు లాగుతారు. రెండో గంటలో బీపీ 80కి పడిపోతుంది, సెలైన్ వదులుతారు, కాళ్లు ఎత్తిపెడతారు, మళ్లీ నడుపుతారు. బాగున్న కిడ్నీ బీపీ కాస్త పడినా తనకు కావాల్సిన రక్తాన్ని సర్దుకుంటుంది. దెబ్బతిన్న కిడ్నీకి ఆ శక్తి ఉండదు. బీపీ పడిన ప్రతిసారీ కొత్తగా పుడుతున్న కణాలకు రక్తం అందక మళ్లీ దెబ్బ తగులుతుంది. కోలుకోవాల్సిన కిడ్నీని డయాలసిసే వెనక్కి లాగుతుందన్నమాట.

దీనికి విరుగుడు టెక్నీషియన్ల చేతిలో ఉంది. ఎక్కించే ముందు బరువు చూడాలి, కాళ్ల వాపు చూడాలి, గత 24 గంటల మూత్రం ఎంతో అడగాలి. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో రెండు లీటర్లు లాగితే గంటకు కిలోకు 10 మిల్లీలీటర్లు. 13 దాటనివ్వకూడదు, కోలుకుంటున్న పేషెంటుకు ఇంకా తక్కువైతే మేలు. వాపు లేకపోతే నీరు అసలు లాగక్కర్లేదు, మలినాలను మాత్రమే కడిగి దించొచ్చు. డయాలసిస్ ద్రవం వేడిని 36 డిగ్రీలకో, కొంచెం తక్కువకో తగ్గిస్తే రక్తనాళాలు బిగుసుకుని బీపీ నిలబడుతుంది. పేషెంటుకు చలి వేస్తే దుప్పటి కప్పాలి గానీ వేడి పెంచకూడదు. డయాలసిస్ రోజు పొద్దున వేసే బీపీ మాత్ర సంగతి డాక్టరును అడిగాకే వేయాలి.

అవసరానికి మించిన డయాలసిస్ నష్టమన్న మాటకు రెండు అధ్యయనాలు బలం ఇస్తున్నాయి. 2020లో వెలువడిన స్టార్ట్-ఏకేఐలో మూడు వేల మంది దాకా రోగులను చూస్తే, అత్యవసరం రాకముందే డయాలసిస్ మొదలుపెట్టినవాళ్లలో ప్రాణాలు దక్కిన లెక్క మెరుగుపడలేదు. బతికినవాళ్లలో 90వ రోజుకు ఇంకా డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు 10.4 శాతం. అవసరమైనప్పుడే మొదలుపెట్టిన వర్గంలో 6 శాతం. 2025లో వెలువడిన లిబరేట్-డి అయితే నేరుగా మన ప్రశ్ననే తీసుకుంది. బీపీ నిలబడిన రోగులకు వారానికి మూడుసార్లు తప్పనిసరిగా చేయడం ఒక పద్ధతి, పొటాషియం, ఆమ్లం, ఆయాసం వంటి అవసరం కనబడినప్పుడే చేయడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలోనే ఎక్కువమంది డయాలసిస్ నుంచి బయటపడ్డారు. దీన్నిబట్టి రోజూ చూడకుండా వదిలేయమని కాదు అర్థం. రోజూ మూత్రం, పొటాషియం, శ్వాస చూడగలిగిన చోటే ఆగి చూసే పద్ధతి క్షేమం. చూసేవాళ్లు లేని చోట అది ప్రమాదం.

జబ్బు మూలాన్ని బట్టి ఓపిక కూడా మారాలి. విరేచనాలతో దెబ్బతిన్న కిడ్నీ వారంలోనే తేరుకోవచ్చు. రక్తపింజర కాటుకు మూత్రం రెండు మూడు వారాలు రాకపోవడం మామూలే, ఆ సమయంలో ‘ఇక రాదు’ అనడం తొందరపాటు. నాలుగు వారాలైనా చుక్క రాకపోతే మాత్రం కిడ్నీ పైపొర మొత్తం చచ్చిపోయిందేమోనని స్కాన్‌తోనో, బయాప్సీతోనో తేల్చుకోవాలి. పాము కాటులోనూ, కాన్పు తర్వాతా ఇది ఎక్కువ చూస్తాం. గడ్డిమందు సంగతి వేరు. అక్కడ క్రియాటినిన్ దిగుతూనే ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చు. కిడ్నీ అంకె చూసి గండం గడిచిందని ఇంటివాళ్లకు చెప్పకూడదు.

ఆపాక వారం రోజులు అసలు పరీక్ష. ఏడు రోజులు మిషన్ అవసరం రాకుండా గడిస్తేనే ఆపడం నిలబడిందని సాధారణంగా లెక్క. మొదటి మూడు రోజులు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు క్రియాటినిన్, పొటాషియం, రక్తంలో ఆమ్లం సంగతి తెలిపే బైకార్బొనేట్ చూడాలి. పొటాషియం 6 దాటినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, రక్తంలో ఆమ్లం బాగా పెరిగినా, మనిషి మత్తుగా ఉండి మాట తడబడినా మళ్లీ డయాలసిస్ చేయాలి. అలా మళ్లీ ఎక్కించడాన్ని ఓటమిగా చూడొద్దు. మూడు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు.

ఇక్కడే జరిగే ఒక పెద్ద పొరపాటు. కోలుకుంటున్న కిడ్నీ మొదట నీటిని పట్టుకోలేదు. వడపోత తిరిగొస్తుంది, నీటిని వెనక్కి పీల్చుకునే పని ఆలస్యంగా వస్తుంది. అందుకే కొందరికి రోజుకు మూడు నాలుగు లీటర్ల మూత్రం వస్తుంది. వారం కిందట ‘రోజుకు లీటరుకు మించి నీళ్లు ఇవ్వొద్దు’ అని చెప్పిన మాట ఇంటివాళ్ల మనసులో అలాగే ఉంటుంది. ఏ మందలింపు పడుతుందోనని గ్లాసు గ్లాసు కొలిచి ఇస్తారు. నాలుగు లీటర్లు పోయి ఒక లీటరు లోపలికి వెళ్తే రెండు రోజుల్లో నాలుక ఎండి, బీపీ పడి, సోడియం, పొటాషియం తారుమారై, కోలుకున్న కిడ్నీ మళ్లీ ఆగిపోతుంది. నిషేధం పెట్టినవాళ్లే దాన్ని ఎత్తేశామని నోటితో చెప్పాలి, చీటీ మీద రాసివ్వాలి. నిన్నటి మూత్రం ఎంతో, రోజూ పొద్దున బరువు ఎంతో చూసి ఇవాళ్టి నీళ్లు చెప్పాలి. మరోపక్క, మూత్రం రోజుకు 600, 700 దగ్గరే ఉన్నవాళ్లకు చూడవచ్చిన చుట్టాలు కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం తాగిస్తారు. ప్రేమతోనే తాగిస్తారు, కానీ వాటిలోని పొటాషియం గుండెను ఆపగలదు. చుట్టాలకు ఈ సంగతి మంచం దగ్గరే చెప్పాలి.

మందుల డోసులు కూడా ఆ రోజే తిరగరాయాలి. డయాలసిస్ ఉందని లెక్కవేసి ఇస్తున్న యాంటీబయాటిక్ డోసు, డయాలసిస్ ఆగాక ఎక్కువో తక్కువో అవుతుంది. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి సూదులు, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు, రంగుమందు ఎక్కించి చేసే సీటీ స్కాన్ అప్పుడే లేచి నిలబడుతున్న కిడ్నీని పడగొడతాయి. ఊరికి వెళ్లాక ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు ‘నాకు కిడ్నీ దెబ్బతిని బాగైంది’ అని చెప్పమని పేషెంటుకు నేర్పాలి.

పైపు గురించి కూడా. తాత్కాలికంగా వేసిన పైపు మెడకైతే రెండు వారాలు, తొడకైతే వారం లోపే ఉండాలి. ఆపాక రెండు మూడు రోజులు నిలకడగా ఉంటే తీసేయాలి. ‘మళ్లీ అవసరం పడొచ్చు’ అని వారాల తరబడి ఉంచితే చలి వణుకుతో జ్వరం వస్తుంది, ఆ ఇన్ఫెక్షన్ కిడ్నీకి రెండో గండం. మెడ పైపు తీసేటప్పుడు పేషెంటును పూర్తిగా పడుకోబెట్టాలి, కూర్చోబెట్టి తీస్తే ఆ రంధ్రంలోంచి గాలి రక్తంలోకి లాగేసుకునే ప్రమాదం ఉంది. పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టి, గాలి చొరని పట్టీ వేయాలి.

ఇంకో రకం ఆపడం ఉంది, రాయడం కష్టమైనా వదిలేయలేం. కిడ్నీతోపాటు ఊపిరితిత్తులు, కాలేయం, గుండె అన్నీ ఆగిపోతూ, ఎంత చేసినా మనిషి తిరిగొచ్చే దారి లేనప్పుడు డయాలసిస్ బాధను సాగదీస్తుంది. ఇక్కడ కూడా ముందే లెక్క పెట్టుకోవాలి. మొదలుపెట్టే రోజే ‘మూడు నుంచి ఐదు రోజులు చూద్దాం, బీపీ నిలబెట్టే మందు తగ్గుతుందా, ఆక్సిజన్ అవసరం తగ్గుతుందా, స్పృహ వస్తుందా, ఆ రోజు మళ్లీ కూర్చొని మాట్లాడదాం’ అని ఇంటి పెద్దకు చెప్పాలి. అలా చెప్పకపోవడం వల్లే చేతిలో డబ్బులు అయిపోయిన రోజు ‘సొంత పూచీ మీద తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టి అంబులెన్సులో వెళ్లిపోతున్నారు. కోలుకునే అవకాశం ఉన్నవాళ్లూ అలాగే వెళ్తున్నారు, లేనివాళ్లూ అలాగే వెళ్తున్నారు. మొదటివాళ్లు ఆరోగ్యశ్రీ మీదనో, ప్రభుత్వ ఆసుపత్రికి మారో ఇంకో వారం నిలబడితే బతికేవాళ్లు. రెండోవాళ్లు దారిలో నొప్పితో, ఆయాసంతో పోతారు.

తిరిగొచ్చే దారి లేదని తేలినప్పుడు చికిత్స ఉపసంహరించుకోవడానికి మన దేశంలో చట్టబద్ధమైన పద్ధతి ఉంది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పు, 2023 జనవరి 24న సడలించిన నిబంధనల ప్రకారం చికిత్స చేస్తున్న డాక్టరు, ఐదేళ్ల అనుభవం తగ్గని ఇద్దరు నిపుణులతో ఆసుపత్రిలో ఒక బోర్డు చూడాలి. తర్వాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు చూడాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం ఒప్పుకోవాలి, మేజిస్ట్రేటుకు సమాచారం వెళ్లాలి. ఆసుపత్రులు ఈ పద్ధతి తెలిసీ భయంతో దగ్గరికి పోవు. దాంతో ఇంటివాళ్లే నేరం చేసినట్టు సంతకాలు పెట్టాల్సి వస్తోంది. డయాలసిస్ ఆపడం అంటే పేషెంటును వదిలేయడం కాదు. ఆయాసానికి, కలవరానికి, నొప్పికి మందులు ఆపకూడదు. కిడ్నీ పనిచేయనప్పుడు మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి ఫెంటానిల్ లాంటివి ఎంచుకోవాలి. నోరు తడుపుతుండాలి, ఇంటివాళ్లను పక్కన కూర్చోనివ్వాలి.

మళ్లీ కోలుకునేవాళ్ల దగ్గరికి వస్తే, ఆసుపత్రి నుంచి డయాలసిస్ మీదే ఇంటికి వెళ్లినవాళ్ల విషయం మిగిలింది. వీళ్లను జిల్లా కేంద్రంలోని డయాలసిస్ సెంటరుకు రాసిచ్చేస్తారు. అక్కడ చేరాక అందరిలాగే వారానికి మూడుసార్లు. ఈ మనిషి కిడ్నీ దెబ్బతిని నెల రోజులే అయిందన్న సంగతి ఆ కాగితంలో ఉండదు. దెబ్బ తగిలిన రోజు నుంచి 90 రోజుల దాకా అది శాశ్వత జబ్బు అని రాయకూడదు, శాశ్వత డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్‌కు తొందరపెట్టకూడదు. ఆ 90 రోజులూ వారానికోసారి డయాలసిస్‌కు ముందు రక్తపరీక్ష, రెండు డయాలసిస్‌ల మధ్య 24 గంటల మూత్రం కొలత ఉండాలి. మూత్రం పెరుగుతూ, డయాలసిస్‌కు ముందటి క్రియాటినిన్ వారం వారం తగ్గుతూ వస్తే మూడుసార్లను రెండు, రెండును ఒకటి చేసి చూడాలి.

మా విన్నపం ఆసుపత్రులకు, ఆరోగ్యశ్రీ అధికారులకు ఒకటే. హఠాత్తుగా కిడ్నీ దెబ్బతిన్న ప్రతి పేషెంటు డయాలసిస్ షీటు మీద మూడు గడులు అదనంగా అచ్చు వేయండి: నిన్నటి 24 గంటల మూత్రం ఎంత, మూత్రం మందు ఇచ్చారా లేదా, డయాలసిస్‌కు ముందు క్రియాటినిన్ ఎంత. డిశ్చార్జి కాగితం మీద దెబ్బ తగిలిన తేదీ, కారణం, పాత క్రియాటినిన్, 90వ రోజు ఏ తేదీన వస్తుందో రాయండి. ఖర్చు సిరాదే.

ఇంటికెళ్లిన పేషెంట్ల కుటుంబాలకు: ఒక రూళ్ల నోటుబుక్కు కొని రోజూ పొద్దున తేదీ, బరువు, 24 గంటల మూత్రం, బీపీ రాయండి. సెంటరుకు వెళ్లిన ప్రతిసారీ అది డాక్టరు ముందు పెట్టండి. ఒక్కరోజులో బరువు కిలో కంటే ఎక్కువ పెరిగినా తగ్గినా ఆ రోజే ఫోను చేయండి. మూత్రం 400 కంటే తగ్గినా, రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నా పొద్దున దాకా ఆగకుండా 108కి చేయండి.

ఇట్లు,
కిడ్నీ వార్డులు, డయాలసిస్ యూనిట్లలో పనిచేసే కొందరు డాక్టర్లు, సిస్టర్లు, టెక్నీషియన్లు
హనుమకొండ